కారులో రొద: తక్కువ ఖర్చుతో ఉపశమనము

1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారులో ప్రయాణించిన వారికి దాని రొద సుపరిచితమే. తలుపు రేకు మిల్లీమీటరు మందమైనా ఉండదు. ఇంజను అదురు, రోడ్డు కుదుపు సోకగానే అది డప్పు వలె మ్రోగుతుంది. అట్టి పాత బండి నొకదానిని ఇంటివద్దనే నెమ్మదిపరచ యత్నించాము.

మొదటి ప్రయత్నము వృథా అయినది. తలుపులలో స్పాంజి దట్టముగా కూరాము. రొద తగ్గకపోగా, వానాకాలములో అది నీరు పీల్చి రేకుకు తుప్పు పట్టించింది. స్పాంజి కీచు శబ్దములను కొంత పీల్చగలదే గాని రేకు కంపనమును ఆపలేదు. అందుకు రేకును గట్టిగా అంటిపెట్టుకొనే బ్యూటైల్ రబ్బరు పట్టీ కావలెను. అది కంపనశక్తిని స్వల్పమైన ఉష్ణముగా మారుస్తుంది. రేకంతా కప్పనక్కరలేదు, నడుమ నాలుగవ వంతు అతికించినా చాలును. ఆపై వ్రేలితో తట్టి చూడండి, గణగణ పోయి మొద్దు చప్పుడు వినిపిస్తుంది. తలుపు అడుగున నీరు పోయే రంధ్రములను మాత్రము మూయరాదు.

ఇంతకన్న చౌకైనది తలుపు అంచు రబ్బరు. తలుపు సందున కాగితము నుంచి మూసి లాగండి. సులువుగా ఊడి వచ్చిన చోట గాలితో పాటు శబ్దము కూడా చొరబడుతున్నదన్నమాట. మేము పెట్టిన ఖర్చులో అధిక ఫలమిచ్చినది ఈ రబ్బరే!

టైర్ల హోరు మాత్రము మిగిలినది. దానిని అడ్డుటకు నేలపై బరువైన పొర పరవాలి; ఆ అడ్డు బరువు రెండింతలైతే దానిని దాటివచ్చే శబ్దము సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. కాని ఆ చిన్న ఇంజను ఎంత బరువు మోయగలదు? అక్కడితో ఆగాము.