కంచే చేను మేస్తే...

పిల్లలూ, "కంచే చేను మేసినట్టు" అన్న సామెత మన తరగతిలో చదువుకున్నాం కదా! ఈ పాఠంలో దాన్ని ఇంట్లోని కంప్యూటర్‌కు అన్వయించి చూద్దాం. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదవాలని మా మనవి. ఎందుకంటే ఇక్కడ ఒమన్‌లో మన ఇళ్ళల్లో చాలాచోట్ల పిల్లల హోంవర్కూ, ఊళ్ళో ఉన్న తాతయ్యకు డబ్బు పంపడమూ ఒకే కంప్యూటర్‌లో జరుగుతాయి.

టూల్‌బార్ అంటే ఏమిటి?

బ్రౌజర్ పైభాగాన అదనంగా వచ్చి చేరే పట్టీయే టూల్‌బార్. 2000 దశకంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్ళూ ఉచిత యాంటీవైరస్‌ల వెంట ఇవి తరచుగా వచ్చేవి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉండేది. చదవకుండా "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కేస్తే టూల్‌బార్ ఎక్కేది, హోంపేజీ మారిపోయేది, మనం వెతికేవన్నీ వేరే సెర్చ్ ఇంజన్‌కు పోయేవి. అక్కడి ప్రకటనల ఆదాయంలో సాఫ్ట్‌వేర్ కంపెనీకి వాటా వచ్చేది. ఉచితం వెనకున్న లెక్క అదన్నమాట! ఇప్పుడు టూల్‌బార్ల స్థానాన్ని ఎక్స్‌టెన్షన్లు ఆక్రమించాయి.

ప్రమాదం ఎక్కడ?

ఇవి బ్రౌజర్ లోపలే కూర్చుంటాయి. అనుమతి ఇస్తే మనం తెరిచే ప్రతి పేజీనీ చదవగలవు. వాటిలో లోపముంటే దొంగకు అదే దొడ్డిదారి.

2014 జూలైలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్ట్ నిపుణులు ఏవీజీ సెక్యూర్ సెర్చ్ టూల్‌బార్‌లో ఒక లోపాన్ని ప్రకటించారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక మోసపు పేజీ తెరిస్తే చాలు, అది మన కంప్యూటర్‌లో తనకు నచ్చిన ప్రోగ్రామ్ నడపగలిగేది. 2015 డిసెంబరులో గూగుల్ పరిశోధకుడు టావిస్ ఓర్మండీ, ఏవీజీ వెబ్ ట్యూనప్ ఎక్స్‌టెన్షన్ వల్ల సుమారు 90 లక్షల మంది క్రోమ్ వాడకందారుల వివరాలు బయటి సైట్లకు చిక్కే వీలుందని చూపారు. ఏవీజీ దాన్ని సరిచేసింది.

మూడోది లోపం కాదు, వ్యాపారం. అవాస్ట్ సంస్థ తన యాంటీవైరస్, ఎక్స్‌టెన్షన్ల ద్వారా సేకరించిన బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024లో 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించమంది. జంప్‌షాట్ 2020లోనే మూతబడింది.

మనం ఏం చేయాలి?

1. యాంటీవైరస్ వద్దని కాదు. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది. వేరేది కావాలంటే తయారుచేసిన కంపెనీ సైటు నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి.
2. "కస్టమ్" ఎంచుకుని, అక్కరలేని టిక్కులు తీసేయండి.
3. నెలకోసారి ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడండి.

ఒమన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2022లో వచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమలైంది. అయినా, సమ్మతి ఇచ్చేముందు చదవడం మాత్రం మన పనే.

ఇంటిపని: అమ్మానాన్నలతో కలిసి ఆ జాబితా తెరవండి. ఒక్కోదాని పేరు, ఎవరు పెట్టారు, ఎందుకు కావాలి అన్నది తెలుగులో రాయండి. "ఎందుకు" అన్నదానికి జవాబు లేకపోతే, దాన్ని తీసేయండి.