భద్రగిరి సందర్శనం

గోదావరీ తీరాన చిన్న గుట్టపై వెలసిన భద్రాచల రామాలయం దక్షిణాయోధ్యగా ప్రసిద్ధి పొందింది. ఒక గిరిజన స్త్రీ భక్తి, ఒక తహశీల్దారు సాహసం, ఒక నవాబు ఔదార్యం ఆ ఆలయ చరిత్రలో పెనవేసుకొని ఉన్నాయి.

రైలులో వచ్చే యాత్రికులు భద్రాచలం రోడ్ స్టేషనులో దిగుతారు. పేరు భద్రాచలానిదే గాని, ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుండి పాల్వంచ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించాలి. దారి పొడవునా టేకు, ఇప్ప చెట్లు, అక్కడక్కడ కోయగూడేలు కనిపిస్తాయి. 1965లో వారధి ప్రారంభం కాకముందు యాత్రికులు పడవలపై గోదావరిని దాటేవారు. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ క్షేత్రం 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

మెట్లెక్కి గర్భాలయం ముందు నిలిచినవారిని మూలవిగ్రహం ఆశ్చర్యపరుస్తుంది. ఇక్కడి రాముడు చతుర్భుజుడు. ధనుర్బాణాలతో పాటు శంఖచక్రాలను ధరించాడు. ఎడమ తొడపై సీతమ్మ ఆసీనురాలై ఉంటుంది. లక్ష్మణుడు పక్కన నిలిచి ఉంటాడు. సాధారణంగా విష్ణుమూర్తి కుడిచేత చక్రం, ఎడమచేత శంఖం ఉంటాయి. ఇక్కడ అవి తారుమారుగా ఉన్నాయి. భద్రమహర్షిని అనుగ్రహించాలనే తొందరలో స్వామి అలా ధరించి వచ్చాడని స్థలపురాణం.

ఈ విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని ప్రతీతి. ఆమె తాటాకు పందిరి వేసి, అడవిలో దొరికిన పండ్లు నివేదించేదట. తరువాత నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చాడు. ప్రభుత్వానికి చెల్లించవలసిన శిస్తు సొమ్ముతో ఆలయం కట్టించి, స్వామికి నగలు చేయించాడు. గోల్కొండ నవాబు తానీషా లెక్క అడిగాడు. గోపన్న చెప్పలేకపోయాడు. పన్నెండేళ్లు చెరసాలలో మగ్గాడని చెబుతారు. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాను నేటికీ చూడవచ్చు.

చెరలో గోపన్న రామదాసుగా మారాడు. చేయించిన నగలను పేరుపేరునా చెప్పి రాముణ్ణి నిలదీశాడు. అంతలోనే మన్నించమని వేడుకున్నాడు. చివరకు రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల మాడలు చెల్లించి అతణ్ణి విడిపించారని జనశ్రుతి. నిజం తెలుసుకున్న తానీషా స్వామిని సేవించాడనీ, శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే సంప్రదాయం అప్పుడే మొదలైందనీ చెబుతారు.

శిస్తు ప్రజల సొమ్ము. దానికి లెక్క అడగడం పాలకుని ధర్మం. గోపన్న తనకోసం చిల్లిగవ్వైనా దాచుకోలేదు. అయినా అనుమతి లేని ఖర్చుకు శిక్ష తప్పలేదు. భక్తికి, బాధ్యతకు మధ్య నలిగిన ఆ మనిషి వేదనే కీర్తనలుగా నిలిచింది. ఆలయంలో ప్రదర్శనకు ఉంచిన చింతాకు పతకం, కలికితురాయి చూసేవారికి ఆ బంగారం వెనుక ఉన్న చెరసాల చీకటి కూడా గుర్తుకు రావాలి.

ప్రశ్నలు

1. భద్రాచల మూలవిగ్రహంలోని విశేషాలను తెలపండి.
2. భద్రాచల క్షేత్రానికి దమ్మక్క చేసిన సేవను వివరించండి.
3. గోపన్న చేసిన పని సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.