నడుము పట్టేయకుండా నిద్రపోవడం ఎలా?
విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ ఒక ఆరోగ్య పాఠం

పరీక్షల రోజుల్లో అర్ధరాత్రి దాకా చదివిన పిల్లలు పొద్దున లేస్తూనే "నడుము పట్టేసింది" అంటారు. గనిలో రాత్రి షిఫ్టు ముగించుకొని పగలు పడుకున్న తండ్రి సాయంత్రం లేచి అదే మాట అంటాడు. బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారం, స్పాంజ్ ఐరన్ ప్లాంటు ఉన్న మన ఘుగ్గుస్‌లో చాలా ఇళ్లలో ఇది మామూలు మాట. దీనికి సలహాలు కూడా ఎక్కువే. "కటిక నేల మీద పడుకో" అని ఒకరు, "దిండు తీసెయ్" అని ఒకరు, "ఒక పక్కకే తిరిగి పడుకో" అని మరొకరు. వీటిలో ఏది నిజం? అందరికీ పనికొచ్చే ఒకే భంగిమ ఉందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. రాత్రిపూట వెన్నులో ఏం జరుగుతుంది?

వెన్నెముకలో పూసకూ పూసకూ మధ్య డిస్కు అనే మెత్తని బిళ్ల ఉంటుంది. పగలంతా శరీరం బరువు మోయడం వల్ల దానిలోని నీరు కొంత బయటకు పోతుంది. రాత్రి పడుకున్నాక ఆ నీటిని మళ్లీ పీల్చుకొని డిస్కు ఉబ్బుతుంది. అందుకే మనం సాయంత్రం కంటే ఉదయం సుమారు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉంటాం. విద్యార్థులు లేవగానే ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి గోడకు ఆనుకొని నిలబడి గీత గీసి దీన్ని స్వయంగా చూడవచ్చు.

1999లో జర్మనీ పరిశోధకులు ఒక ఆరోగ్యవంతుడి డిస్కులో చిన్న కొలమానం అమర్చి ఒత్తిడిని కొలిచారు. పడుకున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటి ఒత్తిడిలో సుమారు అయిదో వంతే ఉంది. అంటే ఎలా పడుకున్నా డిస్కుకు విశ్రాంతి దొరుకుతుంది.

మరి నడుము ఎందుకు పట్టేస్తుంది? ముఖ్య కారణాలు రెండు. వెన్ను వంగిపోయో మెలిపడో గంటల తరబడి అలాగే ఉండటం మొదటిది. నీటితో ఉబ్బి బిగుసుగా ఉన్న డిస్కును లేవగానే ఒక్కసారిగా వంచడం రెండోది.

2. భంగిమలు మూడు, సూత్రం ఒకటే

తల, మెడ, నడుము ఒకే వరుసలో, మెలిక లేకుండా ఉండాలి. ఇదే సూత్రం.

పక్కకు తిరిగి పడుకునేవారు: మెడకూ పరుపుకూ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు దిండు పెట్టుకోవాలి. పై కాలు ముందుకు జారితే నడుము మెలిపడుతుంది. అందుకని మోకాళ్ల మధ్య ఒక దిండుగానీ మడిచిన దుప్పటిగానీ పెట్టుకోవాలి. మోకాళ్లను కొద్దిగా ముడిస్తే చాలు, గడ్డానికి తగిలేలా ముడుచుకోనక్కర్లేదు. ఏ పక్క హాయిగా ఉంటే ఆ పక్క పడుకోవచ్చు.

వెల్లకిలా పడుకునేవారు: మోకాళ్ల కింద దుప్పటి చుట్టగా చుట్టి పెట్టుకుంటే నడుము బిగువు తగ్గుతుంది. తల కింద దిండు పలుచగా ఉండాలి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ ముందుకు వంగిపోతుంది.

బోర్లా పడుకునేవారు: ఈ భంగిమలో నడుము లోపలికి వంగుతుంది, మెడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉంటుంది. మానడం కష్టమైతే పొత్తికడుపు కింద పలుచని దిండు పెట్టుకొని, తల కింద దిండు తీసేయాలి.

నిద్రలో అటూ ఇటూ దొర్లడం తప్పు కాదు. నిజానికి అది మేలే. దొర్లుతున్నారని పిల్లలను కోప్పడకండి.

3. కటిక నేలా, మెత్తని పరుపా?

గట్టి నేల నడుముకు మంచిదని చాలామంది నమ్మకం. స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు, మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు పరిశీలించారు. ఆ ఫలితాలు 2003లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. మధ్యరకం పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. అంటే మరీ గట్టిగానూ ఉండకూడదు, మరీ మెత్తగానూ ఉండకూడదు.

ఇందుకోసం కొత్త పరుపు కొననక్కర్లేదు. నులక మంచం కుంగి ఊయలలా అయితే వెన్ను విల్లులా వంగుతుంది. అలాంటప్పుడు నులక బిగించి, పైన బొంత పరచండి. మే నెలలో మన చంద్రపూర్ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కనుక చాలామంది డాబా మీద పడుకుంటారు. ఒక్క చాపతో సరిపెట్టకుండా దాని మీద రెండు బొంతలు వేసుకోండి.

4. లేచాక మొదటి గంట

మంచం మీద నుంచి నిటారుగా లేవకండి. ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేతులతో నెట్టుకుంటూ లేవాలి. 1998లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, నిద్ర లేచాక మొదటి రెండు గంటలు నడుము వంచకుండా జాగ్రత్తపడిన నడుము నొప్పి రోగులకు నొప్పి తగ్గింది.

ఇది మన ఇళ్లలోని తల్లులు ముఖ్యంగా గమనించాలి. వాకిలి ఊడ్వడం, కల్లాపి చల్లడం, ముగ్గు వేయడం, నీళ్ల బకెట్లు మోయడం అన్నీ లేవగానే వంగి చేసే పనులే. నడుము పట్టేసేవారు ముందు కాసేపు నడిచి, తర్వాత ఆ పనులు మొదలుపెట్టాలి. పొడవు కర్ర ఉన్న చీపురు వాడాలి. బకెట్ ఎత్తేటప్పుడు నడుము కాకుండా మోకాళ్లు వంచాలి. నీళ్లు మోసే పని పిల్లలు పంచుకుంటే మరీ మంచిది.

5. మీకు సరిపడే భంగిమను మీరే కనుక్కోండి

ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: తేదీ, పడుకున్న తీరు, నిద్రపోయిన గంటలు, లేచాక నడుము ఎన్ని నిమిషాలు పట్టేసింది. మొదటి వారం ఏమీ మార్చకుండా రాయండి. రెండో వారం ఒక్కటే మార్చండి, ఉదాహరణకు మోకాళ్ల మధ్య దిండు. మూడో వారం ఇంకొకటి మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. సైన్సు ప్రయోగశాలలో పాటించే నియమమే ఇది. మీ నిమిషాల లెక్క తగ్గించిన భంగిమే మీకు మంచి భంగిమ.

గంటల గడి కూడా ముఖ్యమే. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే చిన్న నొప్పి కూడా పెద్దదిగా తోస్తుంది. మంచం మీద వంగి కూర్చుని చదివి, అక్కడే ఒరిగి నిద్రపోయే అలవాటు మానుకోవాలి.

6. తప్పు భంగిమది కానప్పుడు

తల్లిదండ్రులు ఈ భాగాన్ని తప్పక చదవాలి. భంగిమ వల్ల పట్టేసిన నడుము సాధారణంగా లేచి తిరిగితే కాసేపట్లో సర్దుకుంటుంది. అలా కాక మూడు నెలలకు మించి, రోజూ పొద్దున అరగంటకు పైగా పట్టేస్తుంటే, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంటే, విశ్రాంతి తీసుకుంటే పెరిగి నడిస్తే తగ్గుతుంటే అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వ్యాధి కావచ్చు. ఇది ఎక్కువగా కాలేజీ వయసులో, ఇరవైలలో మొదలవుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "సరిగ్గా పడుకోవు, అందుకే" అని పిల్లలను మందలిస్తూ ఏళ్లు గడిపేస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. త్వరగా గుర్తిస్తే మందులతో, వ్యాయామంతో అదుపులో ఉంచవచ్చు. రుమటాలజిస్టు అనే కీళ్లవాత వైద్య నిపుణుడికి చూపించాలి. అప్పుడు మీ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. "పొద్దున ఎంతసేపు పట్టేస్తుంది?" అన్న డాక్టరు ప్రశ్నకు జవాబు అందులో ఉంటుంది.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి కలిసి వస్తే వెన్నెముక క్షయ ఉందేమో పరీక్ష చేయించాలి. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మల మూత్రాల మీద అదుపు తప్పినా, కింద పడ్డాక తీవ్రమైన నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చంద్రపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

మననం చేసుకుందాం

1. ఉదయం మన ఎత్తు ఎందుకు పెరుగుతుంది?
2. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు ఎందుకు?
3. వారానికి ఒక్క మార్పే ఎందుకు చేయాలి?
4. నడుము ఎంతసేపు పట్టేస్తే డాక్టరును కలవాలి?

జవాబులు ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. ఈ రాత్రి నుంచే నోటుపుస్తకం మొదలుపెట్టండి. నాన్నకు ఒక పేజీ, అమ్మకు ఒక పేజీ కేటాయించడం మరవకండి.