చూచువాడెవడు?

కువైటు నగరమున మాలియా ప్రాంతమునందు శుక్రవారపు సాయంకాలము గుమిగూడు మన తెలుగువారి నడుమ నిలుచుండి, కడప యాసయు గోదావరి యాసయు ఒకదానినొకటి ఒరసికొనుచుండగా వినుట నాకెన్నడును తనివితీరని సంతోషము. అట్టి యొక సాయంకాలమున, రాయచోటి దిక్కునుండి వచ్చి యొక అరబ్బు గృహమున కారు నడుపుచున్న నడివయసు మనుష్యుడు, వేదాంతగ్రంథముల ముఖమైనను చూడనివాడు, నాతో నన్న మాట యొకటి యీ వ్యాసమునకు మూలము. యజమాని పిల్లలను బడికడ దింపి, మరల బడి విడుచువరకును కారులోనే కూర్చుండుట అతని నిత్యకృత్యము.

“అన్నా, అట్ల కూచోనుంటే అప్పు గుర్తుకొస్తాది, పాప పెండ్లి గుర్తుకొస్తాది, ఎండిపోయిన బోరు గుర్తుకొస్తాది. అన్నీ వస్తాండాయి, పోతాండాయి. నేను మాత్రం వాటిని చూస్తా ఆ సీట్లోనే ఉండా. మరి ఆ చూసేది ఎవురన్నా?”

ఈ ప్రశ్న అతనికి పరదేశమునందే కలుగుట కాకతాళీయము కాదని నా నమ్మకము. ఊరిలోనున్నంతకాలము మనుష్యుని ‘నేను’ అనుదానిని ఊరే మోయును. ఫలానావారి కొడుకనియు, ఫలానా చేనికి ఆసామి యనియు, పంచాయతీలో మాట చెల్లువాడనియు నలుగురు పలుకుచుండగా, ఆ పలుకులే తానని నమ్మి బ్రదుకుట సులభము. ఇచట విమానము దిగినంతనే అవి యన్నియు జారిపోయి, ఇంటిపనివారికిచ్చు ఇరవై నంబరు వీసాయు, కఫీలను ఒక పూచీదారుడును, అకామా యను నివాసానుమతియు, పండ్రెండంకెల సంఖ్యగల బతాకా యను గుర్తింపుకార్డును మిగులును; ఆ సంఖ్యలో పుట్టిన తేది యిమిడియుండును గాని పుట్టిన యింటి పేరుండదు. పరువను వస్త్రము తొలగినపుడు కలుగు చలి మిక్కిలి బాధాకరమే; అయినను, వస్త్రము వేరు, దేహము వేరు అని తెలియుట కూడ ఆ చలివలననే గదా!

ఈ దేశమే యొకప్పుడు అట్టి స్థితిని చూచినది. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు చొచ్చుకొనివచ్చిన పిమ్మట, ఆ నెలలోనే కువైటు ఇరాకునకు పందొమ్మిదవ రాష్ట్రముగా ప్రకటింపబడెను. రాజధాని పేరు కాజిమాగా మార్చబడెను. దీనారు విలువ కూలిపోయెను. లక్షకు పైబడిన భారతీయులు జోర్డాను చేరి, అమ్మాను నుండి స్వదేశమునకు విమానములెక్కిరి. వారిలో మనవారును కలరు. నిన్నటిదాక ఇంజనీరును, వర్తకుడను, మేనేజరును అనుకొన్నవాడు ఎడారి శిబిరమున నీటికై వరుసలో నిలుచున్నప్పుడు ఆ విశేషణములన్నియు ఎండుటాకులవలె రాలిపోయి యుండును. అతడు రాలిపోలేదు. తనకు దాహమగుచున్నదని యెరుగుచునే యుండెను.

కుండను చూచువాడు కుండ కానట్లే, తలపును చూచునది తలపు కాదని మన వేదాంతులు చెప్పుదురు; దానినే సాక్షి యందురు. తలపొక్కటియు లేని గాఢనిద్రనుండి లేచినవాడు సుఖముగా నిద్రించితినని పలుకుటనే వారు సాక్ష్యముగా చూపుదురు. డ్రైవరు ప్రశ్నకిది చాలునని మొదట నేనును తలంచితిని. కాని ఆ డ్రైవరు వచ్చిన రాయచోటికి అనతిదూరమున, మదనపల్లెలో, 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి యీ సమాధానమును అంగీకరింపడు. చూచువాడని మనము పిలుచునదియు తలపు కల్పించిన రూపమే యనియు, చూచునదియు చూడబడునదియు వేరుకావనియు ఆయన బోధ. తన్నే రానున్న జగద్గురువుగా భావించినవారు స్థాపించిన నక్షత్ర సంఘమును 1929లో తానే రద్దుచేసిన మహనీయుని మాటను తేలికగా త్రోసివేయుట నాకు చేతకాలేదు.

కొన్ని వారములకు ఆ డ్రైవరే చిక్కుముడిని కొంత విప్పెను. తలపులను చూచువాడు తానేనని కనుగొన్నదానిని గదిలోని తోడివారికి చెప్పగా ఒకడు నవ్వెనట. వెంటనే యితనికి పట్టరాని కోపము వచ్చెనట. “చూసేవోడిని నేనే అని ఆన్నే ఇరుక్కుంటినన్నా,” అనెను. సాక్షియను పేరు కూడ అహంకారము తొడుగుకొనగల అంగీయే యని ఇంతకంటె స్పష్టముగ ఎవరు చెప్పగలరు? తలపులకును అహంకారమునకును అతీతమైన యెరుక యొకటి కలదని నేను నమ్ముచున్నాను. అయితే అది నాదని చేయిచాచిన క్షణముననే చేతికి చిక్కునది మరియొక తలపు మాత్రమే.

కావున వెదకవలసినది ఆత్మను కాదేమో. అహంకారము బిగుసుకొను క్షణమును కనిపెట్టుట చాలునేమో. ఒకసారి యొక కార్యాలయమున పడుచు గుమాస్తా నా కాగితములను బల్లపై విసరివేయగా నా చెవులు వేడెక్కినవి. ‘ఇంత అనుభవముగల నన్నా!’ అను వాక్యము లోపల లేచినది. ఆ వాక్యమును వాక్యముగా వినగలిగిన ఒక్క శ్వాసకాలమున దాని కాటు మెత్తబడినది. కాగితములు సరిచేసికొని, ఏమి కొరత యున్నదో అడిగి తెలిసికొంటిని. కోపము పూర్తిగా పోలేదు. అది పలుకవలసిన మాటను మాత్రము అది పలుకలేదు.

మొన్న మరల కలిసినపుడు, ఇంకను ఆ ప్రశ్న నడుగుకొనుచున్నావా యని అతని నడిగితిని. “ల్యాదన్నా. బడి ఇడిచేదాకా ఊరికే కూచుంటా,” అని, యజమానిని దివానియాకు, అనగా మగవారు కూడు చావడికి, తీసికొనిపోవలసిన వేళయైనదని లేచి, జేబులో తాళపుచెవులు తడుముకొనుచు జనములో కలిసిపోయెను.