బడిలో టీవీ పెట్టారు, మరి పిల్లకు లెక్క వచ్చిందా?

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత తల్లిదండ్రుల కోసం: డిజిటల్ తరగతి గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

మిర్చి కోతకో, పత్తి తీతకో పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే మీకు, బడిలో ఏం జరుగుతోందో చూసే తీరిక తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

1. బడికి ఏమేం వచ్చాయి?

2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు కింద బాగుపడిన ప్రభుత్వ బడుల్లో, ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు, 6వ తరగతి నుంచి పైవాళ్లకు గోడకు బిగించే పెద్ద టచ్ తెరలు ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది.

2. టీవీ ఉంటే చదువు వచ్చేసినట్టేనా?

కాదు. ఒక ఉదాహరణ చూడండి. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి, తిరగేసి 7లోంచి 2 తీసేస్తారు. టీవీలో అయితే పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చూపిస్తారు. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు అవుతాయి. అందులోంచి ఏడు పుల్లలు, రెండు కట్టలు తీస్తే మిగిలేది 25.

వీడియో చివరిదాకా ఆపకుండా నడిస్తే పిల్లలు బొమ్మ చూసినట్టు చూసి మర్చిపోతారు. కట్ట విప్పే ముందు టీచర్ ఆపి, "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగి, పిల్లల చేతికి పుల్లలిచ్చి చేయిస్తే అప్పుడు తలకెక్కుతుంది. టీవీ చూపిస్తుంది, నేర్పేది మాత్రం టీచరే.

ఊరి సంగతులకూ తెర పనికొస్తుంది. మ్యాపులో మున్నేరు నందిగామ పక్కగా వెళ్లి కృష్ణలో కలవడం, జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు బౌద్ధ స్తూపం చూపిస్తే, పాఠం తమ ఊరిదే అని పిల్లలకు అర్థమవుతుంది.

3. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంది, ఎలా?

రోజుకు పావుగంట చాలు.
• ప్లే స్టోర్‌లో దీక్ష యాప్ వేసుకోండి. ఇది ప్రభుత్వ యాప్, డబ్బు కట్టక్కర్లేదు.
• భాష, రాష్ట్రం, తరగతి ఎంచుకోండి.
• పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేయండి.
• నెట్ బాగా ఉన్నప్పుడు పాఠం డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా చూడొచ్చు.

పాఠం అయ్యాక ఫోన్ తీసేసుకోండి. అగ్గిపుల్లలో చింతగింజలో ముందు పెట్టి, "ఇవాళ నేర్చుకున్నది చేసి చూపించు" అనండి. మీకు చదువు రాకపోయినా ఇది అడగొచ్చు. పిల్ల చేసి చూపిస్తే వచ్చినట్టు, తడబడితే మర్నాడు టీచర్‌తో చెప్పండి.

4. బడిలో టీవీ నడవకపోతే?

ఊరుకోవద్దు, పోట్లాడొద్దు. ముందు హెడ్‌మాస్టర్‌ను అడగండి. తర్వాత తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తల్లికి వందనంలో పిల్లకు రూ.15,000 చొప్పున ఇచ్చేదాంట్లో రూ.2,000 బడి నిర్వహణకు వెళ్తుంది. అంటే బడి బాగోగులు అడగడం మీ హక్కు.

5. జాగ్రత్త

"ఉచిత ల్యాప్‌టాప్, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు నమ్మొద్దు. పథకం పేరు చెప్పి ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దు. అనుమానం ఉంటే సచివాలయంలో కనుక్కోండి.

గుర్తుంచుకోండి: "టీవీ చూశావా?" అని కాదు, "చూసి ఏం చేశావు?" అని అడగండి.

ఈ పీడీఎఫ్‌ను మీ వీధిలో వాళ్లకు పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.