రాతిలో బానలు, రహదారిలో గుంతలు

మహారాష్ట్రలోని అహిల్యానగర్ జిల్లాలో (2024 వరకు దీని పేరు అహ్మద్‌నగర్) నిఘోజ్ అనే గ్రామం ఉంది. అక్కడ కుకడి నది నల్లరాతి నేల మీదుగా ప్రవహిస్తుంది. వేసవిలో నీరు తగ్గగానే ఆ రాతిలో కుండల వలె గుండ్రని గుంటలు అనేకం బయటపడతాయి. మరాఠీలో వీటిని ‘రాంజణ్ ఖళగే’ అంటారు. రాంజణ్ అనగా నీటి బాన.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిపై లావా పొరలు పొరలుగా పరచుకొని, చల్లారి, ఈ నల్లరాయి ఏర్పడింది. ఇంతటి గట్టి రాతిని తొలచినది వరద నీరు, అది మోసుకొని వచ్చిన గులకరాళ్ళు. రాతిలోని ఏ పగులులోనో, పల్లంలోనో చిక్కుకొన్న గులకరాళ్ళు సుడితోపాటు గిరగిర తిరుగుతూ తిరగలి వలె రాతిని అరగదీస్తాయి. అవి అరిగిపోతే వాటి స్థానంలో కొత్త రాళ్ళు వచ్చి చేరతాయి. పక్కపక్క గుంటల నడిమి గోడలు అరిగి కలిసిపోయినపుడు నదీగర్భం లోతవుతుంది. ఇది వేల సంవత్సరాల పని. కుకడి ఘోడ్ నదిలోను, ఘోడ్ భీమలోను, భీమ కృష్ణలోను కలుస్తాయి. నిఘోజ్ రాతిని తొలచిన నీటికి తెలుగు నేలతో ఈ విధంగా బంధుత్వం ఉన్నది.

రహదారి మీది గుంతకు కూడా నీరే మూలం. అయితే అది ఏర్పడే తీరు వేరు. తారు పొర ఎండకు పెళుసెక్కి, బరువు బండ్ల తాకిడికి బీటలు వారుతుంది. ఆ బీటల గుండా వాననీరు దిగి కంకర పునాదిని, దాని క్రింది మట్టిని మెత్తబరుస్తుంది. చక్రం నొక్కినప్పుడల్లా ఆ నీరు సన్నని మట్టిని వెంటబెట్టుకొని పైకి చిమ్ముతుంది. లోపల డొల్ల ఏర్పడి, ఆధారం లేని తారు పెచ్చులుగా ఊడిపోతుంది. నదికి వేల ఏళ్ళు పట్టిన పని ఇక్కడ ఒక్క వానకాలంలో ముగుస్తుంది.

ఫలితం మాత్రం దారుణం. 2022లో రోడ్డు గుంతల మూలంగా దేశంలో 1,856 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతున్నది. గుంత నిండా నీరు నిలిచినపుడు దాని లోతు తెలియక ద్విచక్ర వాహనదారులు ప్రమాదానికి గురవుతారు.

నివారణ అసాధ్యం కాదు. రోడ్డు మధ్యభాగం ఎత్తుగా ఉండి, అంచులకు మీటరుకు 2 నుండి 2.5 సెంటీమీటర్ల వాలు ఉంటే నీరు నిలువదు. పక్కకాలువలు పూడిపోకుండా చూడాలి. బీటలను వానలకు ముందే తారుతో మూయాలి. గుంత పడినచో గట్టి అంచు దొరికేవరకు చతురస్రంగా కోసి, నీటిని, వదులు మట్టిని తీసివేసి, తారు పూసి, తారు కలిపిన కంకర నింపి గట్టిగా దిమ్మిస కొట్టాలి. నీటిలోనే మట్టి పోసి కప్పిన గుంత మరుసటి వానకు మళ్ళీ తెరచుకొంటుంది.

నిఘోజ్ బానలు ప్రకృతి చెక్కిన శిల్పాలు; వాటిని కాపాడుకోవాలి. రోడ్డు గుంతలు మానవుని అలక్ష్యానికి గుర్తులు, వాటిని పుట్టనీయకూడదు. నీటికి దారి చూపడమే రహదారికి రక్ష.