ఛీ అనే ముందు ఒక్క మాట

చెల్లెళ్ళూ, నాగాలాండ్ సంతలో కుక్క మాంసం అమ్మే వీడియో చూసి మీ పిల్లలు "ఛీ, వాళ్ళేం మనుషులమ్మా?" అన్నారనుకోండి. మీరేం చెబుతారు? నేనైతే ముందు ఆ ఛీత్కారం వద్దంటాను.

మా రాజయ్యపేట సముద్రం ఒడ్డు ఊరు. చేప లేనిదే ముద్ద దిగదు. మనం పులుసు పెట్టుకునే బంగారుతీగకు దగ్గరి చుట్టమే జపాన్ వాళ్ళ కోయి చేప. అక్కడ దాన్ని పెరటి కొలనులో ఏళ్ళ తరబడి ముద్దుగా సాకుతారు. ఇంగ్లండులో పిల్లలు ఒళ్ళో పెట్టుకునే కుందేలు ఫ్రాన్సులో కూర. మన దాక చూసి కడుపులో దేవేవాళ్ళూ ఉంటారు మరి.

అలాగని ఏదైనా తినొచ్చని కాదమ్మా. మన రాష్ట్రంలోనే గుంటూరు, ప్రకాశం వైపు ఉబ్బసం తగ్గుతుందని గాడిద మాంసం కొనేవాళ్ళున్నారు. ఆహార భద్రత నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. 2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019కి 1.2 లక్షలకు పడిపోయాయి. బిడ్డకు ఆయాసమొస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఆ మాంసానికి డబ్బు పొయ్యకండి.

మరి మంచిచెడ్డలు ఎలా తూచాలి? మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళవు. ఆ రోజుల్లో ఇల్లు గడవడం ఎంత కష్టమో మా ఆడవాళ్ళకు తెలుసు. అయినా చేప గుడ్లు పెట్టుకోవాలి కదా. నా దృష్టిలో తిండికి ధర్మం అదే. ఆ జీవి సంతతి మిగులుతోందా? బతికినన్నాళ్ళూ బాధపడిందా? ఈ రెండూ అడగాలి.

నాగాలాండ్‌లోనూ గొడవ అక్కడే వచ్చింది. మూతులు కట్టి గోనెసంచుల్లో కుక్కిన కుక్కల ఫొటోలు చూసి జనం తల్లడిల్లారు. 2020లో ప్రభుత్వం అమ్మకాలు నిషేధించింది, 2023లో గువాహటి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. దక్షిణ కొరియా మాత్రం 2024లో తనంతట తానే చట్టం చేసుకుంది, 2027 నుంచి అక్కడ కుక్క మాంసం వ్యాపారం నేరం.

అందుకే పిల్లలకు ఇలా చెప్పండి: మూగజీవిని అలా హింసించడం తప్పు, తిండిని బట్టి మనుషుల్ని చులకన చెయ్యడమూ తప్పే. ఇంట్లో పేరు పెట్టి పెంచిన కోడిని పండక్కి కోసిన రోజు బిడ్డ తిననంటే బలవంతం చెయ్యకండి. పప్పన్నం పెట్టండి. ఆ జాలిని మనమే చంపుకోకూడదు తల్లీ.